ముప్పై ఒక్క ముడుల తాడు

వెంకటనర్సు చేసే నౌకరీ ఏమిటని ఎవరైనా అడిగితే ఆయన భార్య సావిత్రమ్మ, "అడవికి ఇయ్యాల జరం వస్తదా రాదా అని చెప్తడు" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. సర్కారు కాగితాల్లో ఆయన పేరుకు ఎదురుగా వట్టి ‘జవాను’ అని ఉండేది. రెండిట్లో సావిత్రమ్మ మాటే సరైనది.

ఆయన పుట్టింది కొల్లాపూర్ పద్మశాలీల వాడలో. నడక కంటే ముందు కండెలు చుట్టడం నేర్చాడని వాళ్ళవ్వ చెప్పుకునేది. అవ్వల మాటల్లో సగం తీసేసినా, ఎనిమిదేళ్ళకే మగ్గం గుంటలో దిగాడన్నది నిజం. చదువు వీధిబడిలో, అదీ తెలుగే. నైజాం రాజ్యంలో ఉర్దూ చదివినవాడికి కచేరిలో కుర్చీ దొరికేది, తెలుగు చదివినవాడికి కచేరి మెట్టు దొరికేది. వెంకటనర్సు మెట్టు కూడా అడగలేదు. మగ్గం చాలనుకున్నాడు, ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా చాలింది కూడా.

యాభై ఏడులో, నేసిన చీర నేసినట్టే ఇంట్లో ఉండిపోతున్న రోజుల్లో, ఒక పొద్దున జంగ్లాత్, అంటే అడవుల శాఖ, రేంజరు చిరిగిన పటం ఒకటి చంకన పెట్టుకుని వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. రాష్ట్రాలు కలిసిన కొత్తలో కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. పటం వెనక గుడ్డ అంటించాలి, గంజి బాగా పట్టించేవాళ్ళు ఎవరని అడిగితే ఊరివాళ్ళు ఈ ఇల్లు చూపించారట. వెంకటనర్సు గంజి కాచి, ముడత లేకుండా గుడ్డ అంటించి, నీడకు ఆరబెట్టాడు. ఆరేదాకా ఊరికే కూర్చోలేక ఆ గీతలేమిటని అడిగాడు. రేంజరు విసుక్కోకుండా చెప్పాడు. ఇది కృష్ణ. ఇది సోమశిల. ఇటు పైకెక్కితే అమ్రాబాద్. ఈ గుట్టలు దిగితే దేవరకొండ.

"ఇంత అడవి. ఏటా వేసవిలో ఎక్కడో అక్కడ అంటుకుంటుంది. పొగ కనిపించాక మనవాళ్ళు పరిగెడతారు. నాకు కావలసింది అది కాదయ్యా. ఇవాళ ఎక్కడ అంటుకునేలా ఉందో పొద్దున్నే తెలియాలి" అన్నాడు రేంజరు.

"అంటే చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడు కాదన్నట్టు."

"అంతే."

"గది మగ్గం మీద పడుగు పోగులు చూసినట్టే ఉంటది, సాబ్. ఏడ తెగుతదో తెగకముందే కనవడ్తది."

రేంజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. మరుసటి వారానికి వెంకటనర్సు జంగ్లాత్ మనిషి అయ్యాడు.

కచేరి అడవి అంచున, ఎర్రపెంట అనే చిన్న ఊళ్ళో ఉండేది. "నువ్వు పోతే పో. నా మగ్గాన్ని ఇడిసిపెట్టి మాత్రం రాను" అని సావిత్రమ్మ మగ్గం విప్పించి బండికెత్తించింది. దారి పొడుగునా వెంకటనర్సు గొణుగుతూనే ఉన్నాడు. అంత పంతం పట్టినందుకు ఆమెకు జీవితాంతం దండం పెట్టుకోవలసి వస్తుందని అప్పుడు ఆయనకు తెలియదు.

అడవిలో పద్నాలుగు చౌకీలు. ఒక్కో చౌకీలో ఒక కావలి మనిషి. పొద్దున్నే అతను పిడికెడు గడ్డి కోసి నలపాలి. చేతికి పసరు అంటితే సున్న. వంగి విరగకపోతే ఒకటో, రెండో. విరిగితే మూడు, నాలుగు. నలిపిన గడ్డి పొడై గాలికి ఎగిరిపోతే అయిదు. ఆ అంకె చిట్టీ మీద రాసి పంపాలి. చిట్టీలు చేతులు మారుతూ, సైకిళ్ళ మీద, దేవరకొండ వైపువి బస్సుల మీద వచ్చేవి.

వెంకటనర్సు గోడంత చట్రం ఒకటి చేసి, దానికి ముతకగుడ్డ బిగించి, నీలం దారంతో కృష్ణను, నల్లదారంతో గుట్టలను కుట్టాడు. చౌకీకొక మేకు. ఆ రోజు అంకెను బట్టి మేకుకు రంగుదారం చుట్టేవాడు, సున్నకు తెలుపు, అయిదుకు ఎరుపు, నడుమ వాటికి నడుమ రంగులు. దూరపు చౌకీ కబురు నిన్నటిదైతే దానికి ఒక అంకె కలిపేవాడు. "పాత కబురు పాల లెక్క. ఎండకు ఇరుగుతది" అనేవాడు. ఎరుపు ఎక్కడ గుమిగూడిందో, గాలి ఎటు నుంచి ఎటు పోతున్నదో చూస్తే, రెండు జిల్లాల అడవి ఆ పూట ఎలా ఉందో చిన్నపిల్లలకైనా తెలిసేది. జనం దానికి ‘నర్సు మగ్గం’ అని పేరు పెట్టారు.

గాలి పొడితనం సంగతి మాత్రం చాలారోజులు అంతుచిక్కలేదు. గడ్డి ఒకేలా ఉన్నా ఒకరోజు బీడీ ముక్కకే అంటుకునేది, ఇంకోరోజు కొరివి పెట్టినా అంటుకునేది కాదు. ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి ఇంటికొస్తే సావిత్రమ్మ మగ్గం గుంటలో కూర్చుని పోగుల్ని తిడుతోంది.

"పొద్దుగాల్నుంచి తొమ్మిది తెగినయి. అతుకులు పెట్టుడేనా, నేసుడు ఉన్నదా? గుంటల నీళ్ళు జల్లినా నిలుస్తలేవు."

గాలిలో తడి లేకపోతే నూలు పెళుసెక్కుతుందని నేతగాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వెంకటనర్సు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. పోయిన నెలలో అగ్గి పడ్డ రోజులు మూడు. ఆ మూడు రోజులూ చెప్పి అడిగితే సావిత్రమ్మకు మూడూ గుర్తున్నాయి. తిట్టుకున్న రోజుల్ని ఆమె ఎన్నడూ మరిచిపోయేది కాదు. మూడు రోజులూ ఏడు పోగులకు తక్కువ తెగలేదు. వెంకటనర్సు ఈ మాట చెబితే రేంజరు ముందు పకపకా నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి, రోజూ రాసే పుస్తకంలో ‘సావిత్రమ్మ పోగులు’ అని ఒక వరస కలిపాడు.

ఇక మిగిలింది జనానికి చెప్పడం. ఎర్రపెంట గుట్ట మీద పొడుగాటి వాసం పాతి ఎర్రగుడ్డ కట్టారు. మర్నాడే లారీలో పోలీసులు దిగారు. సంగపోళ్ళు, అంటే కమ్యూనిస్టులు, మళ్ళీ అడవి పట్టారని ఎవరో కబురు పెట్టారట. ఎరుపు దించి పసుపు కట్టారు. నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు బోనాలెత్తుకుని వచ్చి, ఏ దేవర వెలిసిందని అడుగుతూ గుట్ట కిందే మూడేసి రాళ్ళు పెట్టి పొయ్యిలు రాజేశారు. అగ్గి వద్దని కట్టిన జెండా కింద ఇరవై పొయ్యిలు మండాయి. రేంజరు తల పట్టుకున్నాడు. చివరికి వెంకటనర్సు తానే మగ్గంలో కూర్చుని నలుపూ తెలుపూ పెద్ద గళ్ళతో ఒక గుడ్డ నేశాడు.

"గీ గళ్ళు ఏ దేవునివి కావు, ఏ పార్టీవి కావు, సాబ్" అన్నాడు.

గళ్ళజెండా ఎగిరితే అడవిలోకి పోవద్దు, పోయినవాళ్ళు బయటికి రావాలి. అదొక్కటే దాని అర్థం. నెల తిరక్కుండా మేకలు కాసేవాళ్ళూ, కట్టెలకు పోయేవాళ్ళూ పొద్దున లేవగానే గుట్ట వైపు చూడటం అలవాటు చేసుకున్నారు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. యాభై ఎనిమిది ఎండాకాలంలో మాత్రం నవ్వవలసింది ఏమీ జరగలేదు.

అడవిలో బోదలోయ అనే చోట నిలువెత్తు బోదగడ్డి పెరిగేది. అక్కడి చౌకీ కావలి మనిషి జానయ్య. నైజాం కాలపు బడిలో మూడో తరగతి చదివినవాడు కనుక అంకెలన్నీ ఉర్దూలో రాసేవాడు. కచేరిలో ముసలి మున్షీ యాదగిరి వాటిని చదివి వెంకటనర్సుకు చెప్పేవాడు. ఆ రోజు మున్షీ మేనకోడలి పెండ్లికి పోయాడు. జానయ్య చిట్టీ నేరుగా వెంకటనర్సు చేతికే వచ్చింది. దాని మీద గుండ్రంగా ఒక అంకె ఉంది. సున్న.

నిన్న నాలుగు, ఇవాళ సున్నా? వెంకటనర్సు ఒక్క క్షణం ఆగాడు. ఆగినవాడు ఇంకొకర్ని ఎందుకు అడగలేదన్నది తర్వాత ఏళ్ళతరబడి ఆయన గుండెలో ముల్లై ఉండిపోయింది. పొద్దున సావిత్రమ్మ, "ఇయ్యాల ఎనిమిది తెగినయి" అని చెప్పనే చెప్పింది. అయినా చేతిలో ఉన్నది కాగితం, సర్కారు కాగితం. ఆ లోయలో నాలుగు చినుకులు పడి ఉంటాయిలే అనుకున్నాడు. సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి అని మేకుకు తెల్లదారం చుట్టాడు. జెండా ఎత్తలేదు.

ఉర్దూలో సున్న వట్టి చుక్క. గుండ్రంగా ఉండేది అయిదు.

మధ్యాహ్నానికి బోదలోయ అంటుకుంది. జెండా లేదని నమ్మి కురుమ మల్లప్ప ఆ పొద్దున మందను లోయలోకి తోలాడు. పెద్దగొర్రెలు వాగు దాకా ఉరికి బతికాయి. కొత్తగా పుట్టిన పిల్లలు ముళ్ళకంప దొడ్డిలో ఉన్నాయి. మల్లప్ప భార్య సత్తమ్మ దొడ్డికి అడ్డం పెట్టిన కంప లాగబోయి రెండు చేతులూ మోచేతుల దాకా కాల్చుకుంది. ఒక్క పిల్లా మిగలలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు చిట్టీ సంగతి ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది. పెండ్లి నుంచి తిరిగొచ్చిన మున్షీ ఆ చిట్టీ చూసి తల కొట్టుకున్నాడు. రేంజరు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ‘మున్షీ లేని రోజున చిట్టీలు ఎవరు చదవాలో చెప్పకపోవడం నా తప్పు’ అని పైకి రాశాడు. ఆ కాగితం తన కళ్ళతో చూసిన వెంకటనర్సుకు ఏడుపు ఆగలేదు.

మూడు రోజుల తర్వాత మల్లప్ప కచేరికి వచ్చాడు. ఆరడుగుల మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. అరుగు మీద కూర్చున్న వెంకటనర్సు లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. మల్లప్ప కర్ర గోడకు ఆనించి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నర్సన్నా, ఏమని చదివినవు?"

"సున్న అని."

"జానయ్య ఏం రాసిండు?"

"అయిదు."

"నాకు గా రెండూ తెల్వయి" అంటూ మల్లప్ప నడుముకు చుట్టుకున్న నల్లటి ఉన్నితాడు విప్పాడు. "గిది చూడు."

తాడు పొడుగునా ముడులు. మల్లప్ప ఇంట్లో మందను నోటితో లెక్కపెట్టేవాళ్ళు కాదు, దిష్టి తగులుతుందని. పిల్ల పుడితే తాడుకు ఒక ముడి వేసేవాళ్ళు.

"కండ్లు మూసుకొని ఎన్నున్నయో చూడు."

వెంకటనర్సు కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతూ పోయాడు. ఒక్కొక్క ముడీ ఒక్కొక్క గొర్రెపిల్ల. ముప్పై ఒకటి. చివరి ముడి మీద వేలు ఆపి కళ్ళు తెరిచాడు.

"తప్పు పోయినవా?" అని మల్లప్ప అడిగాడు.

"లేదు."

"ముడికి ఉర్దూ లేదు, తెలుగు లేదు. నువ్వు నేతగానివి. నీకు కాగితం ఎందుకయ్యా?"

తాడు వెంకటనర్సు చేతిలోనే వదిలి మల్లప్ప లేచాడు. "ఉంచుకో. పిల్లలే లేనప్పుడు నాకు దీనితోని ఏం పని? పని మాత్రం ఇడువకు. గా జెండ ఎగిరిన దినాలు మేం సల్లగ ఉన్నం. ఎగరని ఒక్క దినానికి, ఎగిరిన దినాలన్ని మరుస్తమా?"

వెంకటనర్సు వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోతే మల్లప్ప, "లే, లే, గిదేంది" అని రెక్క పట్టి లేపి, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. నష్టపోయినవాడు వచ్చి, నష్టం చేసినవాడికి పని నేర్పి వెళ్ళాడు. ఇలాంటివి పురాణాల్లో చదివితే అతిశయోక్తి అనుకుంటాం.

ఆ వారంలోనే చిట్టీలు పోయి తాళ్ళు వచ్చాయి. చౌకీకి రోజుకొక జానెడు తాడు. గడ్డి పచ్చిగా ఉంటే ముడి లేని తాడు, పొడైతే అయిదు ముడుల తాడు. చదవడానికి మున్షీ అక్కర్లేదు, కళ్ళజోడు అక్కర్లేదు. వెంకటనర్సు వాటిని చట్రం మీద మేకులకు వేలాడదీసి, అరచేత్తో ఆ చివరి నుంచి ఈ చివరికి నిమిరితే ఎక్కడ గరుకు ఎక్కువో అక్కడ ప్రమాదం. సావిత్రమ్మ గంజి పెట్టని మెత్తటి గుడ్డ నేసి, సత్తమ్మ చేతులకు చుట్టడానికి తానే మోసుకుపోయింది. పుండ్లు మానేదాకా పదిహేను రోజులకొకసారి పోయేది. చివరికి వాళ్ళిద్దరూ ఒకరినొకరు అక్కా అంటే అక్కా అనుకునేదాకా వచ్చారు. ఎవరు పెద్దో తేలలేదు.

నల్లతాడును వెంకటనర్సు చట్రం మూలన వేరే మేకుకు తగిలించాడు. పొద్దున పని మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి తాకి, ఆ చేతిని కళ్ళకు అద్దుకునేవాడు. కచేరి గోడ మీద దేవుడి పటం ఉన్నా ఆయన మొదటి దండం తాడుకే.

ఎనిమిదేళ్ళు గడిచాయి. మున్షీ పోయాడు. పాత రేంజరు బదిలీ అయి, వెళ్ళేటప్పుడు గుడ్డ అంటించిన పటాన్ని వెంకటనర్సుకే ఇచ్చాడు. ఆయన తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. అరవై ఆరులో ఉన్న రేంజరు మంచివాడే కానీ, పోగులు, ముడులు అంటే ముసిముసిగా నవ్వేవాడు.

ఆ ఏడు ఎండలు చెప్పనలవి కాదు. ముందటేడు వానలు మొహం చాటేశాయి. మార్చిలోనే వాగులు ఇసుకతేలాయి. ఇప్పపువ్వు రాలే కాలం అది. పువ్వు ఏరడానికి చెట్ల కింద ఆకులు కాల్చేవాళ్ళు ఎక్కడో అక్కడ ఉండనే ఉంటారు. అలాంటి రోజుల్లో ఒకరోజు జెండా ఎత్తితే ఏమీ కాలేదు. పువ్వంతా అడవి కాచిన వెన్నెల అయిందని ఆడవాళ్ళు వచ్చి కచేరి ముందు దుమ్మెత్తిపోశారు. రేంజరు మనసు చిన్నబోయింది.

మూడోనాడు పొద్దున పదమూడు తాళ్ళు వచ్చాయి. బోదలోయ తాడు రాలేదు. దాని చుట్టుపక్కల చౌకీల తాళ్ళకు రెండు ముడులు, మూడు ముడులు. రేంజరు చట్రం చూసి, "ప్రమాదం ఉంటే జానయ్య పంపేవాడేగా. పంపలేదంటే ఏమీ లేనట్టే. ఇవాళ జెండా వద్దు" అన్నాడు.

వెంకటనర్సు బయటికి వచ్చి నిలబడ్డాడు. బోదలోయలో సత్తమ్మ ఉంది, ఆమెతో ఇప్పపువ్వుకు పోయిన పదకొండుమంది ఆడవాళ్ళు ఉన్నారు. మల్లప్ప మంద ఉంది, దొడ్డిలో పిల్లలు ఉన్నాయి. ముందురోజే సత్తమ్మ ఇంటికొచ్చి సావిత్రమ్మకు చెప్పి పోయింది. ఎత్తి ఏమీ కాకపోతే రెండోసారి అబద్ధం, మూడోసారి ఆ గుడ్డను ఎవరూ చూడరు. ఎత్తకపోతే? ఆయన గబగబా ఇంటికి నడిచాడు.

గుమ్మంలోంచే అడిగాడు. "ఎన్ని?"

"పదమూడు తెగినయి" అంది సావిత్రమ్మ మగ్గం గుంటలోంచి. "ఇంకా పొద్దే ఎక్కలే. ఇగ నేను నేసేది లేదు, లేస్తున్న."

వెంకటనర్సు తిరిగొచ్చి రేంజరు ముందు నిలబడ్డాడు.

"సాబ్, ముడి లేని తాడు వస్తే సున్న. తాడే రాకుంటే సున్న కాదు. ఏమున్నదో మనకు తెల్వదు. తెల్వని కాడ అయిదు అనుకోవాలె."

"ఈ లెక్క ఎవరు చెప్పారయ్యా నీకు?"

వెంకటనర్సు మూలన ఉన్న నల్లతాడు చూపించాడు. "గవి చెప్పినయి. ముప్పై ఒక్కటి."

ఆ కథ తెలియనివాడు ఆ కచేరిలో లేడు. రేంజరు తాడు మీది నుంచి బోదలోయ ఖాళీ మేకు వైపు చూశాడు. "తప్పయితే?" అన్నాడు మెల్లగా.

"తప్పయితే నన్ను తిడ్తరు. తిట్టనియ్యుండ్రి, సాబ్. తిట్లకు ఎవ్వరు కాలరు."

"సరే, ఎత్తు."

వెంకటనర్సే గుట్ట ఎక్కి జెండా కట్టాడు. కట్టి, దిగకుండా అక్కడే కూర్చుని లోయ దారి వైపు చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి తలల మీద గంపలతో ఆడవాళ్ళు వరసగా కనిపించారు. వాళ్ళ వెనక దుమ్ము లేపుకుంటూ మంద వచ్చింది. గంపల్లో పువ్వు తక్కువ, గొర్రెపిల్లలు ఎక్కువ. సత్తమ్మ పువ్వు సగం పారబోయించి పిల్లల్ని ఎత్తించింది. అందరికంటే చివర మల్లప్ప వంగి నడుస్తున్నాడు. వీపున మూటలాగా ఏదో ఉంది. దగ్గరికి వచ్చాక తెలిసింది, ఆ మూట జానయ్య. జ్వరంతో చౌకీలో స్పృహ లేకుండా పడి ఉన్నాడట. పిడికిలి విప్పి చూస్తే అందులో తాడు ఉంది. అయిదు ముడులు వేసి ఉన్నాయి. పంపడానికి లేవలేకపోయాడు.

జానయ్యను బండి మీద దవాఖానకు పంపారు. అప్పటికింకా ఎక్కడా పొగ లేదు. ఆడవాళ్ళు కచేరి ముందు గంపలు దించి మొదలుపెట్టారు. "మొన్న గిట్లనే జేస్తిరి", "పువ్వు నీ అయ్య ఏరిస్తడా?" వెంకటనర్సు తల వంచుకుని నిలబడ్డాడు. అడవి అంటుకోవాలని ఏ మనిషైనా కోరుకుంటాడా? కోరుకోలేడు. అంటుకోకపోతే రేపటి నుంచి జెండాకు విలువ లేదు. ఆ పూట ఆయన పడ్డ నలుగుడు పగవాడికి కూడా వద్దు.

పొద్దు వాలుతుండగా గాలి మారింది. లోయకు అవతలి గుట్ట మీద, ఎవరూ అనుకోని చోట, సన్నగా పొగ లేచింది. చూస్తుండగానే అది గుట్ట దిగి బోదగడ్డిలో పడింది. తిడుతున్న ఆడవాళ్ళు గబగబా అరుగు ఎక్కారు. తాము పొద్దున నిలబడి పువ్వు ఏరిన చెట్లు ఒక్కొక్కటీ మంటల్లో కలవడం వాళ్ళు కచేరి అరుగు మీద నుంచే చూశారు. వాళ్ళలో ఒకామె వచ్చి వెంకటనర్సు చేతిలో దోసెడు ఇప్పపువ్వు పోసింది. ఆ వెనక ఇంకొకామె. రేంజరు జవాన్లనూ, ఊరి మగవాళ్ళనూ తీసుకుని వాగు ఇవతల గడ్డి చెక్కించాడు. మంట ఇసుక దాటలేక వాగు దగ్గర ఆగింది.

వారం తర్వాత జానయ్య లేచి కూర్చున్నాడని కబురు వచ్చిన రోజున, మల్లప్ప, సత్తమ్మ కచేరికి వచ్చారు.

"నర్సన్నా, నా తాడు నాకియ్యి" అన్నాడు మల్లప్ప.

వెంకటనర్సు చెయ్యి తాడు మీదికి పోయింది. తానేం తప్పు చేశాడో తెలియలేదు. "ఎందుకన్నా?"

"ఈ ఏటి పిల్లలకు ముడులు వెయ్యాలె."

"వేరే తాడు లేదా?"

"ఉన్నది. కని గిది మా నాయిన పేనిన తాడు."

వెంకటనర్సు బిత్తరపోయాడు. "గంత దాన్ని నా చేతుల ఎట్ల పెట్టినవన్నా? ఒక్క మాటన్న చెప్పకపోతివి?"

"చెప్తే ఉంచుకుంటుంటివా?" అన్నాడు మల్లప్ప. "అప్పుడు నీకు అక్కెర ఉండె. ఇప్పుడు లేదు."

వెంకటనర్సు తాడు తీసి ఇచ్చాడు. మల్లప్ప అరుగు మీద కూర్చుని పాత ముడులు విప్పబోయాడు. ఎనిమిదేళ్ళు రోజూ ఒక చెయ్యి తాకి తాకి అవి గట్టిపడి గింజల్లా అయ్యాయి. మల్లప్ప మొరటు వేళ్ళకు లొంగలేదు. "ఇటియ్యి, గది నా పని" అని వెంకటనర్సు తీసుకున్నాడు. తెగిన పోగులు అతికిన గోళ్ళు అవి. ముడి తర్వాత ముడి మెత్తబరిచి, తాడు పీచు లేవకుండా విప్పుతూ పోయాడు. రెండో కొస సత్తమ్మ పట్టుకుంది, మచ్చలు పడ్డ చేతులతో. ఎవరూ నోటితో లెక్కపెట్టలేదు. వెంకటనర్సు కళ్ళ నీళ్ళు తాడు మీద పడుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

చివరి ముడి విప్పి తాడు మల్లప్ప చేతిలో పెట్టాడు. మల్లప్ప దాన్ని రెండుసార్లు సాగదీసి చూసుకుని, అక్కడే ఆయన పక్కనే కూర్చుని, ఆ ఏటి మొదటి పిల్లకు మొదటి ముడి వేశాడు.